నీలం సరే, గొంతు ఏ రంగు?

ప్రశ్న: మందస దగ్గర మాకు జీడితోట ఉంది. చలికాలంలో అందులో పిచ్చుకంత నీలిపిట్ట తిరుగుతోంది, రొమ్ము నారింజ రంగు. పురుగులు పట్టి తినే ఫ్లైక్యాచర్ పిట్టల్లో ఇది టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ అని నేనంటాను, బ్లూ-త్రోటెడ్ (నీలిగొంతు) ఫ్లైక్యాచర్ అని మా బావ అంటాడు. ఫోన్‌తో ఫొటో తీస్తే చుక్కలా పడుతోంది. ఎలా తేల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ బావగారి మాట అప్పుడే కొట్టిపారేయకండి. టికెల్స్ తూర్పు కనుమల్లో ఏడాదంతా ఉండే పిట్ట, బ్లూ-త్రోటెడ్ హిమాలయాల వైపు గూడు కట్టుకుని చలికాలానికి దక్షిణాదికి దిగుతుంది. కాబట్టి చలికాలంలో రెండిటికీ అవకాశం ఉంది.

ముందు మగపిట్ట గొంతు చూడండి. ముక్కు కిందనుంచే నారింజ మొదలై, రొమ్ము దాకా దిగి, అక్కడ గీత గీసినట్టు ఆగిపోయి తెల్లటి పొట్ట కనిపిస్తే టికెల్స్. గొంతు నీలంగా ఉండి, నారింజ రొమ్ము దగ్గరే మొదలైతే బ్లూ-త్రోటెడ్. చిక్కేమిటంటే, ఈ రెండోదాంట్లో కొన్నిటికి నారింజ రంగు గొంతు మధ్యలోకి కోసుగా ఎగబాకుతుంది, ఎదురుగా చూస్తే గొంతంతా నారింజే అనిపిస్తుంది. తాటిపూడి దగ్గర నేనూ ఇలాగే బోల్తాపడ్డాను, టికెల్స్ అని పుస్తకంలో రాసేసుకున్నాక అది పక్కకి తిరిగింది, చూస్తే గొంతుకి అటూ ఇటూ నీలమే! పైగా రెండూ నీడలో, కింది కొమ్మల్లోనే కూర్చుంటాయి, ఆ వెలుతురులో నీలం నల్లగా కనిపిస్తుంది. అందుకే తొందరపడకండి, అది తల తిప్పేదాకా ఆగండి.

ఆడపిట్ట దొరికితే అసలు టెన్షనే లేదు. టికెల్స్ ఆడది కూడా నీలమే, కాకపోతే వెలిసిన నీలం. బ్లూ-త్రోటెడ్ ఆడదాని వీపు గోధుమ రంగు, గొంతూ రొమ్మూ లేత నారింజ.

గోధుమ రంగుదల్లా అదే అనుకోకండి మళ్ళీ. తోక మాటిమాటికీ పైకి ఎగరేస్తూ, నల్లటి తోక మొదట్లో రెండు పక్కలా తెలుపు చూపిస్తే అది టైగా ఫ్లైక్యాచరో, రెడ్-బ్రెస్టెడో అవుతుంది. పాత పుస్తకాల్లో ఈ రెండూ ఒకటే జాతి. టైగాకి ముక్కు పూర్తిగా నలుపు, తోక మొదలుని కప్పే ఈకలు కూడా తోకకన్నా నల్లగా ఉంటాయి. రెడ్-బ్రెస్టెడ్‌కి కింది ముక్కు మొదట్లో లేతగా ఉంటుంది.

ఫొటో రాకపోతే పోనీండి, కూత రికార్డు చేసి పంపండి. దాన్ని రప్పించడానికని ఫోన్‌లో కూత మాత్రం వినిపించకండి, పాపం, తిండి మానేసి వెతుక్కుంటుంది.