టీకా పడితే సరిపోదు, టైటర్ చూపించుకోండి

"రోజూ ఏఆర్‌టీ మాత్రలు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) వేసుకుంటున్నాను, వాటివల్ల టీకా పనిచేయకుండా పోతుందా?" అని అడిగారు. పోదండీ. అసలు మనకు టీకా సరిగ్గా పట్టేదే ఆ మాత్రల వల్ల. ఏళ్ల తరబడి వాడుతున్నదాన్ని కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకు హెచ్‌ఐవీ బయటపడేసరికే సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 200 కిందికి పడిపోయింది. మాత్రలు మొదలుపెట్టిన కొత్తల్లోనే హెపటైటిస్ బి టీకా కూడా వేసేశారు. మూడో డోసు కాగానే కార్డు మీద స్టాంపు కొట్టి, అయిపోయింది వెళ్లమన్నారు. తర్వాత వేరే డాక్టరమ్మ ఫైలంతా తిరగేసి, "టైటర్ రిపోర్టు ఏదమ్మా?" అన్నారు. టీకా వల్ల రక్తంలో రక్షణనిచ్చే యాంటీబాడీలు ఎన్ని తయారయ్యాయో చూసే ఆ పరీక్ష ఒకటుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. రక్తం తీసి చూస్తే యాంటీబాడీలు 10 లోపే ఉన్నాయి. రక్షణ ఉందనాలంటే కనీసం 10 ఉండాలట.

ఈ సంగతి విని మా బంధువు ఒకాయన, "ఆ మాత్రలే టీకాను చంపేశాయి, ఓ వారం ఆపేసి మళ్లీ వేయించుకో" అన్నాడు. ఎంత కోపం వచ్చిందో! మాత్రలు ఆపితే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది, మందుకు లొంగకుండా మొండికేసే ప్రమాదమూ ఉంది. ఇలాంటి ఉచిత సలహాలు విని పాడైపోయేది మనమే.

డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. యాంటీబాడీలు తయారుచేసేవి బి కణాలు, వాటిని పురమాయించేవి సీడీ4 కణాలు. హెచ్‌ఐవీ తినేసేది సరిగ్గా ఆ సీడీ4లనే. అందుకని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) అదుపులోకొచ్చి, సీడీ4 పెరిగేదాకా ఆగి, 20 మైక్రోగ్రాముల బదులు 40 చొప్పున మొత్తం కోర్సు మళ్లీ వేశారు. ఈసారి టైటర్ 100 దాటింది. ఆ రిపోర్టు చూసుకుని ఎంత సంతోషించానో.

ఇంకోటి. సీడీ4 200 కింద ఉంటే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా), చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకాలు, అంటే బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసేవి, వేయరు, కాబట్టి టీకా వేసేవాళ్లు సీడీ4 అడగాల్సిందే. కానీ వరుసలో అందరూ వినేలా "సీడీ4 ఎంత?" అని అరవడమేమిటి? ఆ భయానికే టీకాల వైపు రానివాళ్లు ఎంతమందో. పక్కకు పిలిచి అడిగితే పోయేదేముంది?

మీకు హెపటైటిస్ బి టీకా ఇంకా నడుస్తుంటే, ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో టైటర్ పరీక్ష రాయమని ఇప్పుడే అడిగి పెట్టుకోండి.