వెటకారం శ్రుతి మించితే

ప్రశ్న: మా సినిమా హీరో అభిమానుల వాట్సాప్ గ్రూపులో ఆటపట్టించుకోవడం ఎక్కువ. మొన్న ఓ కుర్రాడు నొచ్చుకుని వెళ్లిపోయాడు. కబుర్లు ఆపేయమంటారా? – ఓ అడ్మిన్, పాలకొల్లు

జవాబు: వద్దండి. అడ్మిన్లే రాసేలా పెడితే అది నోటీసు బోర్డే. అయినా వెటకారం లేని గోదారి గ్రూపు ఎందుకండీ! హీరో మీద, వసూళ్ల మీద ఎంతైనా ఆడుకోనివ్వండి. కులం, ఇంట్లోవాళ్లు, ఒంటి రంగు జోలికొస్తే మాత్రం అడ్మిన్‌గా మీరే ఆ మెసేజీ అందరికీ డిలీట్ చేయండి. రాసినవాడు 15 నిమిషాల్లోపు ఎడిట్ చేసుకోవచ్చు గానీ, ఈలోగా స్క్రీన్‌షాట్లు తిరిగేస్తాయి. చాలా గొడవలకి మూలం, నోటితో అంటే నవ్వొచ్చే మాట తెరమీద తిట్టులా కనపడటం. ఘాటు మాటకి వాయిస్ మెసేజే మేలు. కుర్రాడికి గ్రూపులో క్షమాపణలొద్దు. అన్నవాడిచేతే ఫోన్ చేయించి, తర్వాతే గ్రూపులో మళ్లీ చేరే లింకు పంపండి.