తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఏమీ జరగలేదా?

అమ్మాయీ,

బేస్‌బాల్ మ్యాచ్ మీద నీ వ్యాసం చదివాను. భాష బాగుంది, సంతోషం. కానీ రెండో పేజీలో "తొమ్మిది ఇన్నింగ్స్ దాకా చెప్పుకోదగ్గదేమీ లేదు, అసలు ఆట పదో ఇన్నింగ్స్‌లో మొదలైంది" అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

నువ్వు రాసింది ఏ ఆట గురించమ్మా? 1991 అక్టోబరు 27, అమెరికాలో మినియాపొలిస్ మెట్రోడోమ్ స్టేడియం, బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, అదే ఆఖరిది. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగిసే ఆట, సమంగా ఉండటంతో పదోదానికి వెళ్లింది. మిన్నెసోటా ట్విన్స్, అట్లాంటా బ్రేవ్స్ జట్లు చెరి మూడూ గెలిచి ఉన్నారు. ట్విన్స్ వైపు పిచర్, అంటే బంతి వేసేవాడు, 36 ఏళ్ల జాక్ మోరిస్, పుట్టింది పక్కనే సెయింట్ పాల్‌లో. బ్రేవ్స్ వైపు 24 ఏళ్ల జాన్ స్మోల్ట్స్. మిషిగన్‌లో పెరిగిన కుర్రాడు, మోరిస్ డెట్రాయిట్ టైగర్స్‌కి ఆడుతున్న రోజుల నుంచీ అతనంటే ఈ కుర్రాడికి ప్రాణం. చిన్నప్పటి హీరోకి ఒక్క రన్ కూడా ఇవ్వకుండా ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఎదురు నిలిచాడు. ఇదేదీ నీ వ్యాసంలో లేదే!

ఎనిమిదో ఇన్నింగ్సే తీసుకో. బ్రేవ్స్ బ్యాటింగ్. మూడు బేస్‌లూ చుట్టి హోమ్‌కి చేరితేనే రన్. లోనీ స్మిత్ మొదటి బేస్ మీద ఉండగా పెండిల్టన్ బంతిని గోడ దాకా కొట్టాడు. స్మిత్ ఆగకుండా పరిగెత్తి ఉంటే రన్ వచ్చేసేదే. రెండో బేస్ దగ్గర ట్విన్స్ ఫీల్డర్ నాబ్లాక్ చేతిలో లేని బంతిని అందుకుని విసిరినట్టు నటించాడు. అది చూసి మోసపోయాడో, అసలు బంతే కనబడలేదో గానీ, స్మిత్ తటపటాయించి మూడో బేస్ దగ్గర ఆగిపోయాడు. రెండులో ఒకరు, మూడులో ఒకరు, ఇంకా ఒక్కరూ అవుట్ కాలేదు. గాంట్ కొట్టిన బంతి నేల మీదుగా మొదటి బేస్ వైపే పోయింది, అతను అవుట్, ఉన్నవాళ్లు ఉన్నచోటే. తర్వాతి బ్యాటర్ జస్టిస్‌కి ట్విన్స్ కావాలనే కొట్టడానికి వీల్లేని బంతులు వేసి, ఊరికే మొదటి బేస్‌కి నడవనిచ్చి బేస్‌లు నింపారు. తర్వాత బ్రీమ్ నేల మీదుగా కొట్టింది నేరుగా మొదటి బేస్ దగ్గరున్న హర్బెక్ చేతికి, అక్కణ్ణించి హోమ్‌కి, మళ్లీ మొదటి బేస్‌కి: డబుల్ ప్లే, ఒకే బంతికి ఇద్దరు అవుట్. బోర్డు మీద సున్నా. అదే ఇన్నింగ్స్ రెండో సగంలో ట్విన్స్ కూడా బేస్‌లు నింపుకుని సున్నాతోనే వెనక్కి వెళ్లారు.

రాని రన్‌ని ఎవరెవరు కలిసి రానివ్వలేదో రాయడమే రచన అని నా గట్టి నమ్మకం. కథైనా అంతే, వార్తైనా అంతే. వచ్చిన రన్ ఎలాగూ స్కోరు కార్డులో ఉంటుంది.

విజయవాడలో ఒక దినపత్రికకి ఆటల వార్తలు రాసే రోజుల్లో, ఒక పెద్దవయసు స్పిన్నర్ వరసగా మెయిడిన్లు వేస్తుంటే బ్యాటర్ కాలు క్రీజులో ఎలా బిగుసుకుపోయిందో రాసి తీసుకెళ్లాను. డెస్కు ఆయన తలెత్తకుండానే "వికెట్లు పడలేదుగా, రెండు లైన్లు చాలు" అని కత్తిరించి, మిగిలిన చోట మ్యాచ్ చూడ్డానికొచ్చిన సినిమా హీరో ఫొటో వేశారు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఇప్పటి ఎడిటర్లు మరీ అన్యాయం, మొదటి లైన్లోనే పట్టేయాలంటారు, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వరు. వాళ్ల మాట విని నువ్వు కూడా మధ్యభాగాన్ని నరికేశావని నా అనుమానం. వాళ్ల కోసం రాయకు.

మళ్లీ మన ఆటకొస్తే, పదో ఇన్నింగ్స్‌కి ముందు ట్విన్స్ మేనేజర్ టామ్ కెల్లీ ఇక చాలన్నా మోరిస్ దిగనన్నాడు. మొత్తం 126 బంతులు వేసి పది ఇన్నింగ్స్ ఒక్కడే మోశాడు. ఆ చేయి గురించి నీకు ఒక వాక్యం కూడా దొరకలేదా? ట్విన్స్ బ్యాటర్ గ్లాడెన్ బ్యాట్ విరిగినా ఒకే దెబ్బకి రెండో బేస్ చేరడం, నాబ్లాక్ బంతిని మెల్లగా తట్టి అతన్ని మూడో బేస్‌కి పంపడం, చివర్లో లార్కిన్ ముందుకొచ్చి నిలబడ్డ ఫీల్డర్ల తలల మీదుగా కొట్టి 1-0 చేయడం, ఇదంతా నువ్వు మూడు పేజీలు రాశావు. ఒక్క పేరా చాలు.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకం ఎప్పుడు వేయాలి అని అడిగావు, అవి తర్వాత చూద్దాం. ముందు ఆ రికార్డింగ్ మళ్లీ పెట్టుకుని, బంతి వైపు కాకుండా స్మిత్ కాళ్ల వైపు చూస్తూ ఎనిమిదో ఇన్నింగ్స్ తిరగరాసి నాకు పంపు.