కెమెరా దాటగానే మళ్లీ స్పీడ్: దీనికి దారి ఉంది

స్పీడ్ కెమెరా ముందు బండ్లవాళ్లు బ్రేక్ వేసి, దాటగానే మళ్లీ దూసుకుపోతున్నారని, ఈ కెమెరాలన్నీ జరిమానాల వసూలుకేనని మీటింగ్‌లో అంటుంటే ఏం చెప్పాలని అడిగారు. మీరు చెప్పింది నేనూ చూశాను. స్తంభానికి కాస్త ముందు బ్రేక్ లైట్లు వరుసగా ఎర్రగా వెలుగుతాయి, దాటిన మరుక్షణం ఇంజిన్ల మోత.

సగటు వేగం కొలిచే కెమెరాలు కావాలని అడగండి. అవి దారి మొదట్లో, చివర్లో నంబర్ ప్లేటు చదివి, మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తాయి. వేగ పరిమితి గంటకు 60 కిలోమీటర్లు ఉన్న 3 కిలోమీటర్ల దారిని 3 నిమిషాల లోపే దాటేస్తే దొరికిపోతారు. ఒక్కచోట బ్రేక్ వేసి తప్పించుకోవడం కుదరదు.

"పది కిలోమీటర్ల తేడాకే ఇంత గొడవా?" అనేవాళ్లూ ఉంటారు. వేగం 50 నుంచి 60కి పెరిగితే గుద్దే శక్తి 44 శాతం పెరుగుతుంది. రోడ్డు దాటే పిల్లాడి ఒంటికి తగిలేది అదే.

వసూలు అనుమానాన్ని మాత్రం కొట్టిపారేయకండి, అందులో న్యాయం ఉంది. ముందే హెచ్చరిక బోర్డు పెట్టమనండి, జరిమానా డబ్బు ఎటు పోతోందో లెక్క చెప్పమనండి. ప్రమాదాల సంఖ్య చూపించేటప్పుడు ఒక్క ఏడాదిది చూపించొద్దు. బాగా చెడ్డ ఏడాది తర్వాత కెమెరా లేకపోయినా ఆ సంఖ్య సాధారణంగా కొంత తగ్గుతుంది. కెమెరాకు ముందు మూడేళ్లు, తర్వాత మూడేళ్లు పక్కపక్కన పెట్టి చూపించండి.