ఆపరేషన్ చోట మళ్లీ మళ్లీ నీరు చేరుతోందా? ఇంట్లో సూదితో తీయించొద్దు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. అమ్మకు 54 ఏళ్లు, షుగర్ ఉంది. ఐదు వారాల కిందట హైదరాబాద్‌లో కుడి రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ చేసి రొమ్ము, చంకలోని గ్రంథులు తీసేశారు. 11వ రోజు డ్రెయిన్ పైపు తీశారు. అప్పటి నుంచి చంక కింద నీరు చేరుతోంది. ఆసుపత్రిలో మూడుసార్లు తీశారు. మొదట 150, తర్వాత 110, ఆ తర్వాత 90 మి.లీ. వచ్చింది. ప్రతిసారీ అంతదూరం వెళ్లలేక పోయిన వారం మా ఊరి ఆర్‌ఎంపీ గారితో రెండుసార్లు తీయించాం. 20 మి.లీ. సిరంజీతో ఐదారుసార్లు లాగి గిన్నెలో పోశారు. ఎప్పుడూ లేత పసుపుగా వచ్చేది, నిన్న మాత్రం చిక్కగా, మబ్బుగా వచ్చింది. పరగడుపున షుగర్ 196 ఉంది. నీరు తగ్గడానికి మాత్రలేమైనా ఉన్నాయా? నీళ్లు తక్కువ తాగించాలా? క్యాన్సర్ మళ్లీ వస్తున్నట్టా? వచ్చే వారం కీమో మొదలుపెడతామన్నారు.

జవాబు: మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. కానీ మాటల్లో మాటగా రాసేసిన రెండు సంగతులే నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నాయి. ఒకటి, నిన్న వచ్చిన నీరు మబ్బుగా ఉండటం. రెండు, ఇంటి దగ్గర సూదితో తీయించడం. ఇది చదివిన రోజే అమ్మగారిని సర్జన్‌కు చూపించండి, రేపు చూద్దాంలే అనుకోవద్దు. హైదరాబాద్ వెళ్లే వీలు లేకపోతే ఖమ్మంలోనే ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ ప్రైవేటులోగానీ జనరల్ సర్జన్ ఈ పని చేయగలరు. బయల్దేరే ముందు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్ చేసి విషయం చెప్పండి.

మీ లెక్కలో మీరు గమనించని సంగతి ఒకటుంది. ఆసుపత్రిలో తీసినప్పుడు 150, 110, 90. తగ్గుతూ వచ్చింది, అలాగే రావాలి. ఊళ్లో ఐదారు సిరంజీలు అంటున్నారు, అంటే 100 నుంచి 120 మి.లీ. తగ్గుతున్నది మళ్లీ పెరిగింది, పైగా రంగు మారింది. లోపల ఇన్ఫెక్షన్ మొదలైందేమోనని ముందుగా అనుమానించాల్సిందే. మనిషిని చూడకుండా అదేనని నేను తేల్చి చెప్పలేను. సర్జన్ చేత్తో పట్టి చూసి, అవసరమైతే స్కానింగ్ చేయించి, తీసిన నీటిని కల్చర్ పరీక్షకు (అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) పంపి తేలుస్తారు. ఈలోగా మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని రెండు రోజులు వేసి తీసుకెళ్లకండి. అలా చేస్తే కల్చర్‌లో ఏ క్రిమో దొరక్కపోవచ్చు, ఏ మందు పనిచేస్తుందో తెలియకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో ఒక్కోసారి జ్వరం రాకుండానే చీము పడుతుంది, కాబట్టి జ్వరం లేదు కదా అని ధీమాగా ఉండొద్దు.

అసలు ఈ నీరు ఎందుకొస్తుందో చెబితే మిగతావి సులువుగా అర్థమవుతాయి. రొమ్ము తీసేశాక పై చర్మానికీ, కింద ఛాతీ కండరానికీ మధ్య ఖాళీ మిగులుతుంది. చంకలో గ్రంథులు తీసేటప్పుడు సన్నని లింఫ్ నాళాలు తెగుతాయి. వాటి నుంచి కారే ద్రవం, గాయం మానేటప్పుడు ఊరే ద్రవం కలిసి ఆ ఖాళీలో నిలుస్తాయి. దీన్ని సెరోమా అంటాం. ఈ ఆపరేషన్ తర్వాత అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే. చర్మం కింది కండరానికి అతుక్కుంటేనే ఊట ఆగుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీ కదులుతుంది, చేయి ఎత్తినప్పుడల్లా చంక సాగుతుంది. అందుకే అతుక్కోవడానికి వారాలు పడుతుంది. బరువు ఎక్కువున్నవాళ్లకు, చంకలో గ్రంథులన్నీ తీసినవాళ్లకు ఇంకాస్త ఎక్కువ కాలం పడుతుంది. డ్రెయిన్‌ను సాధారణంగా 24 గంటల్లో 30 మి.లీ. కంటే తక్కువ వచ్చినప్పుడు తీస్తారు, అయినా తర్వాత చేరొచ్చు. పైపు తొందరపడి తీశారని డాక్టర్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు.

ఇక సూది సంగతి. ఇక్కడ కాస్త కఠినంగానే చెప్పాలి. ఆర్‌ఎంపీ గారు సాయం చేద్దామనే చేసి ఉంటారు, కానీ ఇది ఇంటి దగ్గర చేసే పని కాదు. రొమ్ము తీసేశాక అక్కడ చర్మం, పలచని కొవ్వు, కండరం, వెంటనే పక్కటెముకలు, వాటి వెనకే ఊపిరితిత్తి. సూదిని నిలువుగా గుచ్చితే రెండు ఎముకల సందులోంచి లోపలికి దిగి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదముంది. చంకలో పెద్ద రక్తనాళం కూడా ఉంటుంది. ఆపరేషన్‌లో నరాలు తెగడం వల్ల అక్కడ చర్మం మొద్దుబారి ఉంటుంది కాబట్టి తప్పుచోట గుచ్చినా అమ్మగారికి నొప్పి తెలియకపోవచ్చు. నొప్పి లేదు, బాగానే తీశారు అని మీరనుకుంటారు.

ఆసుపత్రిలో ఎలా తీస్తారో ఈసారి దగ్గరుండి చూడండి. తల వైపు కాస్త ఎత్తుగా పడుకోబెట్టి చేయి పక్కకు చాపమంటారు. రెండు చేతుల వేళ్లతో ఒకవైపు నొక్కి, నీరు అల తేలినట్టు రెండోవైపు తగిలే చోటు వెతుకుతారు. గ్లవ్స్ వేసుకుని బెటాడిన్‌తో తుడిచి, అది ఆరేదాకా ఆగుతారు. నీరు కిందికి దిగి నిలిచిన చోట, సూదిని ఛాతీ గోడకు దాదాపు సమాంతరంగా పడుకోబెట్టినట్టు పట్టి లోపలికి పంపుతారు. 50 మి.లీ. సిరంజీ వాడతారు, లేదా సూదికీ సిరంజీకీ మధ్య మూడు దారుల చిన్న కుళాయి బిగిస్తారు. దాంతో సిరంజీ ఊడదీయకుండానే నీటిని బయటికి పంపొచ్చు. మీ ఇంట్లో ఏం జరిగిందంటే, సూదిని లోపలే ఉంచి సిరంజీని ఐదారుసార్లు ఊడదీసి, గిన్నెలో వంచి, మళ్లీ తగిలించారు. ఊడదీసిన ప్రతిసారీ బయటి గాలికి, చేతులకు, వాటి మీది క్రిములకు దారి తెరిచినట్టే. లోపలున్నది ప్రొటీన్ నిండిన గోరువెచ్చని నీరు, క్రిములు పెరగడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు.

నీరు తీశాక మెత్తటి గాజుగుడ్డ (గాజ్) ముద్ద పెట్టి, ఛాతీ చుట్టూ అదిమినట్టు కట్టు కడతారు. ఈ కట్టు లేకుండా వదిలేస్తే ఖాళీ అయిన సంచి మళ్లీ నిండొచ్చు. అయితే ఊపిరి ఆడనంత బిగువు వద్దు. కట్టు కిందికి రెండు వేళ్లు దూరాలి. చేతికి మాత్రం కట్టు చుట్టొద్దు. చంకలో గీత పడేలా బిగించే జాకెట్టు కొన్నాళ్లు పక్కనపెట్టి, ముందు వైపు గుండీలుండే వదులు కాటన్ నైటీ వేయండి.

చేరిన ప్రతి చుక్కా తీయాల్సిన పని లేదని కూడా గుర్తుంచుకోండి. కాస్త మెత్తగా ఉండి, చర్మం బిగుసుకోకుండా, నొప్పి లేకుండా ఉంటే వదిలేయడమే మంచిది. శరీరమే పీల్చేసుకుంటుంది. గుచ్చిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్‌కు ఒక అవకాశం ఇస్తున్నాం. అందుకే చర్మం బిగదీసినట్టు ఉబ్బినప్పుడు, కుట్ల మీద ఒత్తిడి పడినప్పుడు, చేయి కదపలేనప్పుడే తీస్తాం. ఐదారుసార్లు తీసినా ప్రతిసారీ 100 మి.లీ. దాటుతూ ఉంటే సూదులు కొనసాగించకుండా, స్కానింగ్‌లో చూస్తూ సన్నని పైపు మళ్లీ వేసి కొన్ని రోజులు ఉంచడం గురించి మీ సర్జన్‌ను అడగండి. నెలలు గడిచినా ఆగకపోతే లోపల ఆ సంచికి గట్టి పొర కట్టి ఉండొచ్చు. అప్పుడు ఎంత తీసినా నిండుతూనే ఉంటుంది. అలాంటప్పుడు లోపల మందు ఎక్కించి అతికించడమో, చిన్న ఆపరేషన్‌తో ఆ పొర తీసేయడమో చేస్తారు. అమ్మగారు ఇంకా ఐదో వారంలోనే ఉన్నారు, అంతదాకా వెళ్తుందని ఇప్పుడే భయపడకండి.

మీరు అడిగిన మాత్ర విషయం. లేదు. ఒంట్లో నీరు దిగడానికి వాడే లాసిక్స్ లాంటివి ఇక్కడ పనిచేయవు, ఎందుకంటే ఇది ఒళ్లంతా చేరిన నీరు కాదు, తెగిన నాళాల దగ్గర కారుతున్న నీరు. ఆ మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేసి పొటాషియం తగ్గిస్తాయి, కీమో ముందు అది మరీ మంచిది కాదు. ఎవరైనా ఇచ్చి ఉంటే సర్జన్‌కు చెప్పండి. గుండెకో బీపీకో ముందునుంచీ వాడుతున్న మాత్రలైతే మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. తాగే నీళ్లు తగ్గించినా ఊట తగ్గదు. కిడ్నీ, గుండె జబ్బు లేకపోతే మామూలుగానే తాగించండి.

పథ్యం గురించి మీరు అడగలేదు కానీ చాలా ఇళ్లలో జరిగేదే కాబట్టి చెబుతున్నాను. పప్పు, గుడ్డు, వంకాయ తింటే చీము పడుతుందని మానిపించి చారన్నం పెడుతుంటారు. చీముకూ పప్పుకూ సంబంధం లేదు. తీసే నీటితోపాటు ప్రొటీన్ కూడా పోతోంది, గాయం మానాలంటే అదే కావాలి. రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, పెరుగు, తినేవారైతే చేప లేదా చికెన్ పెట్టండి. కిడ్నీ సమస్య ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి. చారన్నం షుగర్‌ను పెంచుతుంది తప్ప గాయాన్ని మాన్పదు. 196 ఎక్కువ. పరగడుపున 130 లోపు, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండేలా మందులు సరిచేయించండి. అవసరమైతే కొన్నాళ్లు ఇన్సులిన్ రాస్తారు, వద్దనకండి.

క్యాన్సర్ మళ్లీ వస్తోందా అంటే, ఆపరేషన్ అయిన ఐదు వారాల్లో ఇలా చేరే నీరు ఆ సూచన కాదు. అంతా తగ్గిపోయాక, ఏ ఏడాదికో రెండేళ్లకో కొత్తగా వాపు వచ్చినా, మచ్చ దగ్గర గట్టి గడ్డ తగిలినా అప్పుడు స్కానింగ్, సూది పరీక్ష తప్పనిసరి. చేయంతా, ముంజేయి నుంచి వేళ్ల దాకా వాస్తే అది సెరోమా కాదు. లింఫ్ వాపు కావచ్చు, ఉన్నట్టుండి నొప్పితో వాస్తే రక్తం గడ్డకట్టడం కావచ్చు. రెండింటికీ వైద్యం వేరు.

కాపడం పెట్టొద్దు. ముందే చెప్పాను, అక్కడి చర్మానికి స్పర్శ లేదు. వేడినీళ్ల సంచి బొబ్బలెక్కించేదాకా తెలియదు. నూనెతో మర్దన, పసుపు పూత కూడా వద్దు. కుడిచేత్తో బిందె ఎత్తడం, బట్టలు పిండడం ఆపించండి. రెండు కిలోలకు మించి బరువు వద్దు. అలాగని చేతిని ఒంటికి కట్టేసినట్టు ఉంచినా భుజం బిగుసుకుపోతుంది. తర్వాత రేడియేషన్ అవసరమైతే చేయి తలపైకి ఎత్తి పడుకోవాలి, అప్పుడు ఆ చేయి లేవదు. నీరు తగ్గేదాకా వేళ్లు, మణికట్టు, మోచేయి బాగా ఆడిస్తూ, చేతిని భుజం ఎత్తు వరకే లేపించండి. సర్జన్ సరేనన్నాక గోడ మీద వేళ్లు పాకిస్తూ రోజుకింత పైకి వెళ్లొచ్చు.

కీమో విషయంలో ఒక్క మాట. శుభ్రమైన నీరు కొంచెం ఉన్నంత మాత్రాన కీమో ఆపక్కర్లేదు. ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం ఆగాలి. ఇంజెక్షన్ తర్వాత వారం, రెండు వారాలకు తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు లోపల చీము ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. అలాగని నీరు పూర్తిగా పోయాకే వెళ్దామని నెలలు గడిపేయొద్దు. ఆపరేషన్ తర్వాత 90 రోజులు దాటితే కీమో వల్ల కలిగే మేలు తగ్గుతుందని అధ్యయనాల్లో తేలింది. వాయిదా వేయాలా వద్దా అన్నది సర్జన్, కీమో డాక్టర్ మాట్లాడుకుని చెప్పాలి. మీరు తేదీ మార్చుకోవద్దు. నీరు మబ్బుగా వచ్చిన సంగతి, ఇంట్లో తీయించిన సంగతి ఇద్దరికీ దాచకుండా చెప్పండి. తిడతారేమోనని దాస్తే నష్టపోయేది అమ్మగారే.

జ్వరం 100.4 దాటినా, చలి వచ్చినా, చర్మం ఎర్రగా వేడెక్కినా, వాసన వచ్చినా, కుట్లలోంచి తనంతట తానే కారుతున్నా, ఊపిరి అందకపోయినా రాత్రని చూడకుండా క్యాజువాలిటీకి వెళ్లండి. కారుతుంటే పిండొద్దు, శుభ్రమైన గాజుగుడ్డ అడ్డం పెట్టుకుని వెళ్లండి. ఎరుపు ఉంటే దాని అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి టైము రాయండి, గీత దాటి పాకిందా లేదా అన్నది డాక్టర్‌కు వెంటనే తెలుస్తుంది.

వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ కాగితం, బయాప్సీ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీ, ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయితే ఆ కార్డు తీసుకెళ్లండి. ఒక కాగితం మీద తేదీ, తీసిన మి.లీ., రంగు అని మూడు గళ్లు గీసి ఇప్పటిదాకా తీసిన ఐదుసార్లూ రాయండి. ఊళ్లో తీసిన రెండూ కలిపి.