కాళహస్తి ఎండ వేరు, పుత్తూరు ఎండ వేరా?

ప్రశ్న: నాకు 60 ఏళ్ళు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో సర్వీసంతా ఢిల్లీలోనే గడిచింది. ఈమధ్యే రిటైరయ్యాను. మా సొంతూరు పాకాల. మా ఆవిడకు 56, ఉబ్బసం. ఢిల్లీ చలి, పొగ ఆమెకు పడడం లేదు. వెచ్చగా ఉండే చోటికి వెళ్ళిపొమ్మని డాక్టరు చెప్పారు. ఒక్కతే కూతురు, పెళ్ళయి గుర్గావ్‌లో ఉంది. చేతికి 42 లక్షలు వచ్చాయి, నెలకు పెన్షన్ 41 వేలు. తక్కువ ఖర్చులో బతకగల చిన్న ఊరు వెతుకుతున్నాను. మదనపల్లె, పలమనేరు, పుత్తూరు, పాకాల మనసులో ఉన్నాయి. శ్రీకాళహస్తి మా ఆవిడ పుట్టినూరు. అత్తగారు, మరదలు అక్కడే ఉన్నారు గానీ ఎండ ఎక్కువని వదిలేశాను. పాకాలలో మా నాయన ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. దానిమీద 18 లక్షలు పెట్టి మిద్దె వేసుకుని వచ్చెయ్యమంటున్నాడు మా అన్న. నన్ను చదివించింది అన్నే. వదిన నోరు కాస్త కటువు గానీ మనసు మంచిది. చెల్లెలు చిత్తూరులో ఉంది. మా ఆవిడనడిగితే ‘మీ ఇష్టం, ఎక్కడైనా సరే’ అంటోంది. ఈ నాలుగు ఊళ్ళలో ఏది మేలు? ఢిల్లీ సామానంతా తెచ్చుకోమంటారా?
(పేరు రాయవద్దన్నారు, న్యూఢిల్లీ)

జవాబు: ఊళ్ళ సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న పని.

మదనపల్లె, పలమనేరు రెండూ దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వేసవి రాత్రుళ్ళు అక్కడ హాయిగానే ఉంటుంది. డిసెంబరు, జనవరిలో మాత్రం తెల్లవారుజామున మంచు, చలిగాలి. ఢిల్లీతో పోలిస్తే అదొక చలే కాదు, కానీ ఉబ్బసం మనిషికి ఛాతీ బిగుసుకునేది ఆ వేళలోనే. మదనపల్లె పెద్ద ఊరు, ఆసుపత్రులున్నాయి, కూరగాయలకు కొదవ లేదు. రైల్వే స్టేషన్ ఊళ్ళో ఉండదు, సీటీఎం అనే పల్లె దగ్గర దిగాలి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే వంద కిలోమీటర్లకు పైనే, మధ్యలో భాకరాపేట ఘాటురోడ్డు. పలమనేరు చిన్నది, బెంగళూరు రోడ్డు మీద ఉంది, చిత్తూరు మీదుగా వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోవచ్చు. పుత్తూరు మైదానం, తిరుపతికి దగ్గర, రైలుంది. పాకాల జంక్షన్ కాబట్టి తిరుపతికీ కాట్పాడికీ రెండు వైపులా రైళ్ళున్నాయి. అయితే ఆ చుట్టుపక్కల చెరకు గానుగలాడే రోజుల్లో బెల్లం వండే పొయ్యిల పొగ ఉంటుంది. ఆ ఊళ్ళో పుట్టిన మీకు ఇది తెలియదా? ఉబ్బసం మనిషికి ఊరు వెతుకుతూ దీన్నెలా మరిచారో అర్థం కాలేదు.

ఇంకొకటి అసలే అర్థం కాలేదు. ఎండ ఎక్కువని కాళహస్తిని కొట్టేసిన మనిషి పుత్తూరును ఎలా ఉంచారు? రేణిగుంట దగ్గర విడిపోయే రెండు రైలు దారుల్లో ఒకటి కాళహస్తికి పోతుంది, ఇంకొకటి పుత్తూరుకు పోతుంది. మే నెలలో రెండు చోట్లా 40 డిగ్రీలు దాటుతుంది, రెండు చోట్లా ఒకే ఉక్క. కాబట్టి ఎండ మాట పక్కన పెట్టండి. అత్తగారి ఊళ్ళో కాపురం పెడితే ఇల్లరికం వచ్చాడంటారని మీకు జంకు. అరవై ఏళ్ళ వాణ్ణి, సొంత పెన్షన్ తింటున్న వాణ్ణి పట్టుకుని ఇల్లరికపుటల్లుడని ఎవరంటారు? అంటే అననివ్వండి.

ఆ జంకు కూడా పైపైదే. ఉత్తరమంతా చదివితే కనిపించేది మీ అన్నగారే. ఆయన చదివించారు, మీరు పైకొచ్చారు, ఇన్నేళ్ళూ దూరంగా ఉన్నారు, ఇప్పుడాయన పిలిచారు. కాదంటే కృతఘ్నత అనిపిస్తోంది. మిగతా మూడు ఊళ్ళూ మీకు మీరు చెప్పుకున్న సాకులు. నాలుగు పేర్లు రాసి ఒకదాన్ని నా చేత ఎంపిక చేయించి, ‘సలహా అడిగే వచ్చాం’ అని ఇంట్లో చెప్పాలన్నది మీ ఆలోచన. ఆ పని నేను చేయను.

అన్న రుణం మీది, ఆవిడది కాదు. ఆ రుణం తీర్చడానికి ఆవిడ ముసలితనాన్ని వాడుకునే హక్కు మీకు లేదు.

ఆవిడ ‘మీ ఇష్టం’ అన్నదాన్ని మీరు ఒప్పుకోలుగా తీసుకున్నారు. ఇంకేమనగలదు? బావగారు పిలిచారు. వద్దంటే అన్నదమ్ముల్ని విడదీసిందన్న పేరు ఆవిడకే వస్తుంది, మీకు రాదు. ‘నోరు కటువు, మనసు మంచిది’ అని వదినగారి గురించి మీరు రాశారు. ఆ నోటి కింద పడి ఉండాల్సింది తోడికోడలైన మీ ఆవిడే గదా, ఆవిడ ఈ మాట ఇలాగే రాస్తుందా?

మిద్దె మీద కాపురమంటే ఏమిటో కాస్త చూడండి. మే నెలలో పైకప్పు తాపం రాత్రి పది దాటినా దిగదు. ఆయాసం మనిషి పాలకీ కూరలకీ రోజుకు నాలుగైదు సార్లు మెట్లెక్కి దిగాలి. వీటికంటే పెద్దది నీళ్ళ మోటారు. దాని స్విచ్చి కింద వరండాలో, వదినగారి వంటింటి గోడకు ఉంటుంది. పైన ట్యాంకు ఖాళీ అయిన ప్రతిసారీ మీ ఆవిడ మెట్ల మీద నిలబడి ‘అక్కా, రవ్వంత మోటారెయ్యవా’ అని అడగాలి. ‘పొద్దున్నే గదా ఏసింది, అంతలోనే అయిపాయనా?’ అని ఒక మాట పైకి వస్తుంది. తగాదా అనేంత పెద్దది కాదు, మీతో చెప్పుకునేంతదీ కాదు. రోజుకొకటి చొప్పున ఏళ్ళ తరబడి ఆవిడ మింగాల్సిన మాట. మీరేమో అన్నతో కలిసి స్టేషన్ రోడ్డులో టీ తాగుతుంటారు.

మీ తర్వాత సంగతి కూడా ఆలోచించండి. మీ ఆవిడ మీ కంటే నాలుగేళ్ళు చిన్నది. మొదటి కొన్నేళ్ళ పెంపు పోయాక ఫ్యామిలీ పెన్షన్ మీ మూల పెన్షన్‌లో ఐదింట మూడు వంతులకు దిగుతుంది. దానితో, పొత్తు ఇంటి పైఅంతస్తులో, కింద తోడికోడలి దయమీద ఉండమంటారా? కూతురు గుర్గావ్ నుంచి ఫోన్ చేయగలదు, అంతే.

చట్టం వైపు నుంచి చూసినా ఆ 18 లక్షలు గోడల్లో పోసినట్టే. ఇల్లు మీ నాయన పేరు మీదే ఉంది, పంపకాలు కాలేదు. ఆయన వీలునామా రాయకపోయి ఉంటే, అది స్వార్జితమైనా పిత్రార్జితమైనా మీ చెల్లెలికి అందులో వాటా ఉంది. ‘మా చెల్లెలు అడగదు’ అనకండి, రేపు ఆమె పిల్లలు అడుగుతారు. రిజిస్టరైన భాగపరిష్కారం లేకుండా పైన ఏం కట్టినా అది ఉమ్మడి ఇంట్లో భాగమే అవుతుంది. అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా అందరి సంతకాలూ కావాలి. అన్న మంచివాడే కావచ్చు. ఆయన కొడుకుల మంచితనానికి ఆయన పూచీ ఇవ్వలేడు.

ఇప్పుడు చేయాల్సినవి. మొదటిది, ఈ వారమే అన్నకు ఫోన్. ఆవిడ ముందు చేయండి, ఆవిడ పేరెత్తకుండా చేయండి. ‘అన్నా, మిద్దె నేను వెయ్యను. ఇది నా నిర్ణయం. పండక్కి వస్తాం, నాలుగు రోజులుంటాం’ అనండి. ‘దానికి మెట్లు పడవు’, ‘డాక్టరు వద్దన్నాడు’ లాంటివి ఒద్దు, అవన్నీ తిరిగి ఆవిడ మీదికే పోతాయి. ఆ ఫోన్ కాకుండా ఆవిడను ఏ ఊరని అడిగినా నిజం బయటికి రాదు.

రుణం సంగతి. మనసు నిజంగా బరువుగా ఉంటే దారి ఉంది. పాకాల ఇంట్లో మీ వాటాను అన్న పేరిట హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించండి. పిత్రార్జితమైతే మీ అమ్మాయి సంతకం కూడా పెట్టించండి, పెళ్ళయినా ఆమెకు హక్కుంది. చెల్లెలి వాటా జోలికి మాత్రం పోకండి, అది ఆమె ఇష్టం. చదివించినందుకు ఇల్లే ఇచ్చినవాడు ఆ తర్వాత అన్న ముందు తల దించుకోనక్కర్లేదు.

రెండోది, ఆవిడను ఒక్కదాన్నే మూడు వారాలు కాళహస్తికి పంపండి. మీరు వెంట పోవద్దు. ఉబ్బసం ఎలా ఉందో, అమ్మ పక్కన ఎలా ఉందో ఆవిడే చూసుకుంటుంది. తిరిగొచ్చాక ‘నీకెక్కడ ఇష్టం’ అని అడిగితే మళ్ళీ పాత జవాబే వస్తుంది. ‘రాత్రి పన్నెండుకు ఆయాసం వస్తే ఏ ఊళ్ళో ఎవరిని లేపుతావు?’ అని అడగండి. కాళహస్తే అనాలని నా పట్టు లేదు. పుట్టింటి పక్కన వద్దు, మదనపల్లే మేలు అనవచ్చు. మరదలితో ఆవిడకేం లెక్కలున్నాయో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఏ ఊరైనా మొదటి 11 నెలలూ అద్దె ఇల్లే. నేలమీది వాటా కావాలి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో లీజు అని లక్షలు ఒకేసారి పుచ్చుకుని ఇల్లిచ్చే పద్ధతి ఉంది, అందులోకి దిగొద్దు. యజమాని బ్యాంకు అప్పు కట్టకపోతే ఇంటికి తాళం పడుతుంది, మీ లక్షల కోసం మీరు తిరగాలి. ఇల్లు చూసేటప్పుడు నీళ్ళ సంగతి యజమానిని అడగొద్దు, ఎదురింటావిడను అడగండి. కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది, మేలో ట్యాంకరు తెప్పించారా, బోరు ఎన్ని అడుగులు. పడమటి మండలాల్లో బోరు వెయ్యడుగులు దాటినా చుక్క రాని చోట్లున్నాయి. బోరునీళ్ళు తాగాల్సి వస్తే ఫ్లోరైడు పరీక్ష చేయించండి. నవంబరులో ఒకసారి వానలో ఆ వీధికి వెళ్ళండి. మన దగ్గర పెద్దవానలు అప్పుడే, 2021 నవంబరు వరదలు టీవీలో చూసే ఉంటారు. ఉబ్బసానికి ఇంకో మూడు చూడాలి: దగ్గర్లో బియ్యం మిల్లు, చెనక్కాయల మిషను, ఖాళీ స్థలంలో వయ్యారిభామ కలుపు. వీటిలో ఏదున్నా అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు వద్దు. కాళహస్తిలోనైతే రాచగున్నేరి వైపు ఫ్యాక్టరీలున్నాయి, ఆ దిక్కు వదిలేసి చూడండి. గుడి చుట్టుపక్కల వీధులూ వద్దు, రాహుకేతు పూజలకొచ్చే బండ్లతో రాత్రి అంబులెన్సు కదలడం కష్టం.

ఈ లోపల స్థలం కొనమని ఎవరో ఒకరు వస్తారు. డీకేటీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకిచ్చినది), 22ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉన్న సర్వే నంబరు, తిరుపతి చుట్టూ మఠం భూములు, ఈ మూడింటిలో ఏదైనా ‘అంతా చూసుకుంటాం సార్’ అంటూనే అమ్ముతారు. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), 22ఎ జాబితా, లేఅవుటు అనుమతి మీరే చూడండి. నిజానికి మీరు కొనాల్సిన అవసరమే నాకు కనిపించడం లేదు. 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో ఆవిడతో జాయింటుగా వేస్తే, 8.2 శాతం లెక్కన మూడు నెలలకు 61,500 వస్తుంది. చిన్న ఊళ్ళో అద్దె కట్టగా మిగులుతుంది. ఏడాదిలోపు తీస్తే వడ్డీ రాదు, ఏడాది దాటి రెండేళ్ళలోపు తీస్తే అసలులో ఒకటిన్నర శాతం, ఆ తర్వాతైతే ఒక శాతం కోస్తారు, అది మాత్రం గుర్తుంచుకోండి. మిగతా 12 లక్షలు బ్యాంకులో చేతికందేలా ఉంచండి. ఎప్పుడైనా ఇల్లు కొన్నా ఇద్దరి పేరు మీదా ఉండాలి.

సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పెన్షనర్ల వైద్య పథకం) కార్డు వదలొద్దు. నెలకు 1000 రూపాయల వైద్యభత్యం ఉంది గదా అని దాన్ని వదులుకుని వచ్చినవాళ్ళు మొదటిసారి ఆసుపత్రిలో చేరినప్పుడు ఏడుస్తారు. పదేళ్ళ చందా ఒకేసారి కడితే జీవితాంతం చెల్లుతుంది.

సామాను గురించి. రజాయిలు, రూమ్ హీటరు అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. పెద్ద డెజర్ట్ కూలరు మదనపల్లెలో పనికొస్తుంది. కాళహస్తి, పుత్తూరు గాలిలో తేమకు అది చల్లబరచదు, గదంతా చెమ్మ చేస్తుంది, ఉబ్బసానికి అది ఇంకా చెడ్డది. ఆవిడ నెబ్యులైజరును లారీలో వేయకుండా మీ చేతిసంచిలో పెట్టుకోండి. రిటైరయ్యాక సొంత చోటికి మారేవాళ్ళకు చివరి మూలవేతనంలో 80 శాతం గ్రాంటు, సామాను రవాణా ఖర్చు వస్తాయి. రిటైరైన ఏడాదిలోపు మారాలి, అదీ ఒక్కసారికే. అందుకని ఆవిడ ఊరు తేల్చి చెప్పేదాకా పాకాల చిరునామాతో సామాను బుక్ చేయకండి.