చిన్న గదిలో పసిబిడ్డ సామాను సర్దడం ఎలా?

8×9 అడుగుల గదిలో తొట్టి, బట్టల సొరుగులు, డైపర్ మార్చే బల్ల మూడూ పడతాయా అంటే, బల్ల మానేయండి. 36 అంగుళాల ఎత్తున్న సొరుగుల బీరువా మీద అంచులు లేచిన మ్యాట్ బిగిస్తే సరిపోతుంది. ఒక చెయ్యి మాత్రం ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి. బీరువాను ఎల్ క్లాంపులతో (L ఆకారపు లోహపు పట్టీలతో) గోడకు బిగించి తీరాలి: నడక వచ్చాక పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు, బరువు ముందుకొచ్చి బీరువా వాళ్ల మీద పడుతుంది. జిప్సమ్ గోడైతే లోపలి ఫ్రేమ్‌లోకే స్క్రూ దిగాలి, ఉత్త బోర్డు ఆగదు.

తొట్టి 24×38 అంగుళాల మినీ సైజు చాలు. పుల్లల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదు. పరుపు పక్కన రెండు వేళ్లు దూరితే ఆ పరుపు వద్దు. తొట్టిని కిటికీకి, కర్టెన్ తాళ్లకు దూరంగా వేయండి. కొనేముందు తలుపు ఎంత తెరుచుకుంటుందో కొలవండి, చాలామంది మరిచేది అదే.